మబ్బుకొండ మృగపటం

ఆ విధంగా రాకాసిలోయను, ఊగే తీగల వంతెనను, బాటసారులను మింగే ఊబిని దాటుకుని హేలాపురి యువరాజు విక్రాంతుడి పరివారం కంబళగిరి పాదానికి చేరుకుంది. చేరిన మాట నిజమే కాని, చేరినట్టు ఎవరికీ తెలియలేదు. కొండ కనపడితే కదా తెలిసేది.

కంబళగిరికి ఆ పేరు ఊరికే రాలేదు. బ్రహ్మదేవుడు ఆ కొండను చేసి, చలికి వణుకుతుందేమోనని తెల్లటి మబ్బుల కంబళి ఒకటి కప్పి, మళ్ళీ తీయడం మరిచిపోయాడని కింది గూడేలవాళ్ళు చెబుతారు. ఆ కంబళి కింద అడవి. మొదళ్ళ నుంచి చిటారు కొమ్మల దాకా పచ్చని నాచు తొడుక్కున్న మహావృక్షాలు, కొమ్మ కొమ్మకూ వేలాడే ఊదారంగు పూలగుత్తులు, ఆకు ఆకు కొసనా ఒక నీటి ముత్యం. నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు మజ్జిగలో తేలే వెన్నముద్దలా మసకగా కనిపించి మాయమవుతాడు. కనపడని సెలయేళ్ళు ఎడమ పక్కన ఒకసారి, కుడి పక్కన ఒకసారి గలగలమంటాయి. గంధర్వులు విడిది చేసే చోటని ఎవరైనా చెబితే నమ్మబుద్ధవుతుంది.

వర్ణన వినడానికి ఎంత సొంపుగా ఉందో, నడవడానికి అంత దరిద్రంగా ఉంది. హేలాపురి ఆస్థానంలో పటాలు గీసే బేతన ఆ మాటే పొద్దుటి నుంచి పళ్ళ మధ్య నములుతున్నాడు. పంచె తడిసి కాళ్ళకు చుట్టుకుపోయింది. పిక్కల నిండా జలగలు. పటం గీయడానికి తెచ్చిన మైనపు గుడ్డ తప్ప అతని ఒంటి మీద పొడిగా ఉన్నది ఒక్కటీ లేదు. వీటన్నిటినీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఆ భేరి.

భేరి సంగతి చెప్పే ముందు బేతన అక్కడికి ఎందుకు వచ్చాడో చెప్పాలి. అతని భార్య మైలమ కూడా పటాలు గీసేదే. చేయి బేతన కంటే చురుకు, నోరు చేతికంటే చురుకు. లోకంలో మరెక్కడా లేక ఒక్క కంబళగిరి మీదనే ఉన్న జంతువులు ఏవేవో, ఏది ఏ ఎత్తున కాపురముంటుందో పటం గీసి తెమ్మని క్రితం ఏడు రాజుగారు ఆజ్ఞాపించారు. అప్పుడు బేతన కాలు విరిగి మంచంలో ఉన్నాడు. నేను పోయి వస్తానులే అంటూ మైలమ బయలుదేరింది. ఆ కొండను తన సొత్తనుకునే మాంత్రికుడు ధూమకుండుడికి ఎవరైనా తన మబ్బుల్లోకి తొంగిచూస్తే గిట్టదు. వెంట వెళ్ళిన బోయీలు ఒట్టి చేతులతో తిరిగివచ్చి, పొగ కమ్మిందనీ, పొగ విడిచేసరికి అమ్మగారి చీర మాత్రం నేల మీద ఉందనీ, ఏదో చిన్న జంతువు పొదల్లోకి దూరిందనీ చెప్పారు. ఏ జంతువంటే ఒక్కడూ చెప్పలేకపోయాడు.

రాజభాండారంలో మాయవిడుపు నీళ్ళ సీసా ఒకటి ఉంది. ఒక ప్రాణికే సరిపోతుంది. రెండో చుక్క లోకంలో లేదు. అడవి నిండా వేల జంతువులుండగా ఆ నీళ్ళు దేని మీద చల్లాలి? దారి చూపించింది గూడెం పెద్దలే. కంబళగిరి జంతువులకు ఎవరి మెట్టు వారిదట. అడుగు మెట్టున నాచుకుందేళ్ళు, ఆ పైన రాతిబొరియల్లో ఒళ్ళంతా పొలుసులుండే ముత్యాల అలుగులు, ఆ పైన జూలు కొండముచ్చులు, అన్నిటికంటే పైన వెండి దేవాంగపిల్లులు. చచ్చినా ఒకదాని మెట్టులోకి ఇంకొకటి అడుగుపెట్టదట. మంత్రం పడ్డ మనిషికి ఈ కట్టుబాటు ఏం తెలుస్తుంది? కాబట్టి మెట్టు తప్పి తిరిగేది ఏదైతే అదే మైలమ. ముందు పటం తయారుకావాలి, తర్వాత తప్పిపోయినదాన్ని వెతకాలి. లెక్క చక్కగా కుదిరింది. బేతన కళ్ళు తుడుచుకుని ప్రయాణం కట్టాడు.

అంతలో రాజుగారు కొడుకును పిలిచి, ఏదైనా ఒక సాహసం చేసి వస్తే తప్ప నీకు పట్టం కట్టేది లేదని తేల్చిచెప్పారు. ఇంతకంటే దగ్గరలో సాహసమేదీ దొరకక యువరాజు విక్రాంతుడు బేతన వెంటపడ్డాడు. కుర్రవాడు చెడ్డవాడు కాదు. గుండె నిండా ధైర్యం ఉంది. ఎక్కడ ధైర్యం అక్కర్లేదో అది మాత్రం తెలియదు. యువరాజు వచ్చాడు కనుక బిరుదులు చదివే వంది కీర్తిభట్టు వచ్చాడు. కీర్తిభట్టు వచ్చాడు కనుక భేరి వచ్చింది.

హేలాపురి రాచబిడ్డ కొత్త నేల మీద కాలు మోపే ముందు ఆ నేల మీద భేరీనాదం పడాలి. పడ్డాక బిరుదులు చదవాలి. అది వాళ్ళ వంశాచారం. రాజవీధిలో అయితే అందంగానే ఉంటుంది. కంబళగిరిలో ప్రతి మలుపూ కొత్త నేలే. మలుపు తిరిగినప్పుడల్లా కీర్తిభట్టు ఢమఢమ వాయించి, శత్రుగజకుంభవిదళనుడని, సప్తసముద్రముద్రితుడని గొంతు చించుకునేవాడు. ఎలుక సామెత బేతనకు ఊరికే గుర్తురాలేదు. తా దూర కంత లేదు, మెడకో డోలు.

చివరికి ఓపిక నశించి అడిగేశాడు. "భట్టుగారూ, మనం జంతువులను దొంగచాటుగా చూడ్డానికి వచ్చాం. పెళ్ళికి పిలవడానికి కాదు."

"భేరి మోగనిదే ప్రభువు అడుగు కదలదు నాయనా," అన్నాడు కీర్తిభట్టు, బిడ్డకు నచ్చజెప్పినట్టు. "మా తాత వాయించాడు, మా తండ్రి వాయించాడు. నీ కుందేళ్ళ కోసం నేను ఆపనా?"

యువరాజు మధ్యవర్తిగా వచ్చి కాస్త మెల్లగా వాయించమన్నాడు. మెల్లగా వాయించడం ఓడిపోయిన రాజుకు జరిగే మర్యాద అని భట్టు చెప్పేసరికి ముఖం ఎర్రబడి, పోనీ గట్టిగానే వాయించమన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో బేతనకు ఆ పూట అర్థమయింది.

ఫలితం పటం మీద కనపడింది. నాచుకుందేళ్ళు అలుగుల మెట్టులోకి, అలుగులు కొండముచ్చుల చెట్ల కిందికి, కొండముచ్చులు ఎక్కడికో కూడా తెలియని మబ్బుల్లోకి పరుగెత్తాయి. చావుకు దాటవేమో కాని, కీర్తిభట్టు భేరికి అన్నీ మెట్టు దాటాయి. బేతన గంటం పట్టుకుని మైనపు గుడ్డ మీద గుర్తు పెట్టిన ప్రతి జంతువూ మెట్టు తప్పినదే. వెనక కొమ్మల మీద రోజుకొకసారి తళుక్కుమనే వెండి దేవాంగపిల్లి కూడా ఆ గందరగోళంలో ఒక గుర్తే. ఇక ఇందులో మైలమ ఎవరు? అన్నీ మైలమలేనా? ఒక్క మైలమతోనే వేగలేక చస్తుంటే అనుకున్నాడు. అనుకున్న మరుక్షణమే ఏడుపు వచ్చింది. జలగను పీకుతున్నట్టు నటించి తల దించుకున్నాడు.

మరునాడు అలుగుల మెట్టు చివర, ఇరుకైన అంచు మీద నడుస్తున్నారు. ఒక పక్క నున్నటి రాయి, రెండో పక్క మబ్బు నిండిన అగాధం. భేరి మోగింది. ఎదురుగా పొదలు కదిలి జంతువులన్నీ యథాప్రకారం పారిపోయాయి. వెనక కొమ్మ మీద మాత్రం పిడికెడంత వెండి దేవాంగపిల్లి ఒకటి, రెండు పళ్ళేల్లాంటి కళ్ళేసుకుని చూస్తూ కూర్చుంది. శిఖరాన ఉండవలసినది అంత కిందికి ఎందుకు వచ్చిందో బేతన ఆలోచించే లోపల విక్రాంతుడు విల్లెక్కుపెట్టాడు. మాంత్రికుడి వేగులవాడు కాబోలని అతని ఊహ.

బేతన ఒక్క దూకు దూకి యువరాజు మోచేతిని కొట్టాడు. బాణం మబ్బులోకి పోయింది. బాణంతో పాటు యువరాజు కూడా పోయాడు. తడిసిన నాచు మీద జర్రున జారి, అంచు దాటి, అదృష్టం బాగుండి ఒక వేరు చేతికి చిక్కితే దాన్ని పట్టుకుని వేలాడాడు. బేతన బోర్లాపడి చేయి చాచాడు. ఆ క్షణాన అగాధం అడుగు నుంచి నల్లటి పొగ మెలికలు తిరుగుతూ లేచింది. చూస్తుండగానే పొగకు పడగ వచ్చింది, పడగకు నిప్పుకణికల్లాంటి కళ్ళు వచ్చాయి. ధూమకుండుడు కాపలా పెట్టిన పొగపాము అది.

యువరాజు ఒంటి చేత్తో వేలాడుతూ రెండో చేత్తో కత్తి దూశాడు. కత్తి పాము మెడలో ఇటు దూరి అటు వచ్చింది. పొగను నరికితే ఏమవుతుంది? తెగిన చోట ఇంకో పడగ లేచింది. నరికిన కొద్దీ పడగలు పెరుగుతున్నాయి, అతను నరుకుతూనే ఉన్నాడు. నరకడం ఆపమని బేతన అరిచిన అరుపు భేరిలో కలిసిపోయింది. కింద యువరాజు ప్రాణం మీదికి వస్తే పైన కీర్తిభట్టు వీరోత్సాహం కోసం వాయిస్తున్నాడు. బేతన భుజాన ఉన్న గొంగడి పొద్దుటి నుంచి మబ్బు నీరు తాగి రోలంత బరువెక్కి ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి పాము పడగల మీద విసిరాడు. తడి గొంగడి కింద పొయ్యి ఆరినట్టు చుయ్యిమంది. పాము లేదు. యువరాజును జుట్టు పట్టుకుని పైకి లాగేసరికి బేతన భుజం పట్టేసింది.

"నన్ను తోశావు," అన్నాడు విక్రాంతుడు, రొప్పుతూ.

"తోశాను ప్రభూ. మళ్ళీ బాణం తీస్తే మళ్ళీ తోస్తాను," అన్నాడు బేతన. ఆ మాటకు తల తీయించవచ్చు. యువరాజు మాత్రం కిందికి ఒకసారి చూసి అమ్ములపొదిని వీపు వెనక్కి నెట్టుకున్నాడు. అప్పటికీ దేవాంగపిల్లి ఆ కొమ్మ మీదే ఉంది. బాణానికి పోలేదు, పాముకు పోలేదు, భేరికి అసలే పోలేదు. మనుషులు తేరుకున్నాక చటుక్కున మబ్బులోకి దూరింది.

సాయంత్రం డేరాలో బేతన మైనపు గుడ్డ పరిచి కూర్చున్నాడు. అన్ని రోజుల గుర్తులూ చిందరవందరగా ఉన్నాయి. చించి పారేద్దామన్నంత కోపం వచ్చింది. చించే ముందు, ఈ భేరి ఎక్కడెక్కడ మోగి తన కొంప ముంచిందో చూసుకుందామని, తాము నడిచిన దారిని గంటంతో గీశాడు. గీసి ఆగిపోయాడు. ప్రతి జంతువు గుర్తూ భేరి దారికి ఎదుట, దూరంగా జరుగుతూ పోయింది. వెండి దేవాంగపిల్లి గుర్తు మాత్రం ప్రతిరోజూ భేరికి వెనక ఉంది. భేరి ఎక్కడ మోగితే దాని వెంటే అది వచ్చింది. అడవి జంతువుకు భేరి అంటే పిడుగు. అది హేలాపురి భేరి అని, తన ఊరివాళ్ళు వచ్చారని మనిషికే తెలుస్తుంది.

మైలమ మొదటి రోజు నుంచీ వాళ్ళ వెనకే నడుస్తోంది. వాళ్ళేమో ముందుకు చూస్తూ పోతున్నారు.

తెల్లవారగానే బేతన తన ఉపాయం చెప్పాడు. కిరీటాన్ని ఒక వెదురు గడకు కట్టి పరివారం ఎత్తి పట్టుకోగా, కీర్తిభట్టు భేరి వాయిస్తూ ముందుకు పోవాలి. యువరాజు కావడి మోసే కూలివాడి వేషంలో తనతో పాటు వెనక ఆగి, భేరి వెంట వచ్చేదాని కోసం కాచుకోవాలి. కూలివాడికి భేరి అక్కర్లేదు కదా. భట్టు శాస్త్రాలన్నీ తిరగేసి, మర్యాద కిరీటానిదే కాని తలది కాదని ఒప్పుకున్నాడు. గడకు బిరుదులు చదువుతూ అతను మబ్బులోకి కదిలిపోతుంటే, ఇన్నాళ్ళూ తాను కూడా గడలాగే నిలబడ్డానా అని విక్రాంతుడు అడిగాడు. బేతన అతని భుజానికి కావడి ఎత్తాడు.

ఇద్దరూ ఒక పెద్ద చెట్టు వేళ్ళ మధ్య నక్కి కూర్చున్నారు. అంతా అనుకున్నట్టు జరిగితే అది కంబళగిరి ఎందుకవుతుంది? భేరీనాదం ఎదుటి కొండచరియకు తగిలి తిరిగి వచ్చింది. జంతువులకు ముందూ భేరే, వెనకా భేరే అనిపించింది. మెట్టు మెట్టంతా వెనక్కి తిరిగి ఆ చెట్టు మీదికే వరదలా వచ్చి పడింది. నాచుకుందేళ్ళు బేతన తొడల మీదుగా దూకాయి. అలుగులు ముత్యాల పొలుసులు గలగలలాడిస్తూ బంతుల్లా చుట్టుకుని దొర్లాయి. జూలు కొండముచ్చు ఒకటి యువరాజు తలపాగా ఊడబెరుక్కుని, నెత్తిన కాలు పెట్టి పైకొమ్మకు ఎగిరింది. కంబళగిరి జంతువులన్నిటినీ ఇంత దగ్గరగా ఒక్కచోట చూసిన పటకర్త మరొకడు లేడు. చేయి ఆడితే కదా గుర్తు పెట్టడానికి. బేతన తల మీద గుడ్డ కప్పుకుని తిట్టుకుంటూ కూర్చున్నాడు.

వరద తీసింది. భేరి దూరమయింది. నాచు మీద నీటిచుక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు వచ్చాయి. ఒకటి కాదు. భేరి పోయిన దారినే, పారిపోయేవాటిలా కాకుండా, తీర్థానికి పోయేవాళ్ళలా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కాలు కుంటుతున్న నాచుకుందేలు, పొలుసులు ఊడిన ముసలి అలుగు, రెండు కొండముచ్చులు, ఇంకా కొన్ని. ఏడాదికొకరు చొప్పున ఈ మబ్బుల్లో తప్పిపోయినవాళ్ళు ఎంతమందో హేలాపురిలో ఎవరూ ఎన్నడూ ఆరా తీయలేదు. విక్రాంతుడు తెలియకుండానే లేచి నిలబడి చేతులు జోడించాడు. వాటిలో ఒక కుందేలు ముందుకాళ్ళు ఎత్తి, కొలువులో భటులు చేసినట్టు దండం పెట్టింది.

వెండి దేవాంగపిల్లి వరస తప్పి బేతన దగ్గరికి వచ్చింది. భుజం ఎక్కలేదు, చెంప నిమరలేదు. నేరుగా అతని ఒడిలోని మైనపు గుడ్డ మీదికి దిగి, కళ్ళు దగ్గర పెట్టి అంతా చూసింది. రాతిబొరియల పక్కన అతను గీసిన వాగు దగ్గర ఆగి, గోటితో బరబరా గీకి దాన్ని చెరిపేసింది. చెరిపి, ఆ వాగును రెండో పక్కకు గీసింది. తర్వాత తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది. పెళ్ళయిన నాటి నుంచి బేతన గీసిన ఏ పటాన్నయినా అలా చెరపకుండా వదిలిన మనిషి కాదు ఆమె.

"ఏడాది తర్వాత కనిపించి ముందు వాగు దిద్దుతావా?" అన్నాడు బేతన. ఆమె చిన్న వేళ్ళు అతని చూపుడువేలిని చుట్టుకున్నాయి. సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఏడుస్తూనే సీసా తీశాడు. మూత మీద చెయ్యి వేయగానే దేవాంగపిల్లి ఆ చేతిని తోసేసింది. మళ్ళీ తీయబోతే కొరికింది. అతని వేలు పట్టుకుని వెనక్కి లాగి, చెట్టు మొదట్లో కూర్చున్న ముసలి కొండముచ్చు వైపు తిప్పింది.

ఆ కొండముచ్చు అటూ ఇటూ చూడటం లేదు. తీరిగ్గా ఆకులు చించి, నలిపి, కుందేలు కుంటికాలికి పసరు పిండుతోంది. అలుగు నోరు తెరవనంటే ముక్కు మూసి, తెరిచాక ఆకుముద్ద గొంతులో వేసింది. ఆ ముక్కు మూయడం చూసి యువరాజు ఉలిక్కిపడ్డాడు. చిన్నప్పుడు కషాయం తాగనని మారాం చేస్తే తన ముక్కు అలాగే మూసి పోసిన ఆస్థాన వైద్యుడు సింగన వెజ్జు గురించి గబగబా చెప్పాడు. ఈ మాయవిడుపు నీళ్ళు కాచింది ఆయనే. వాటికి కావలసిన మూలిక కోసం మళ్ళీ ఈ అడవికి వచ్చి తిరిగి రాలేదు. నీళ్ళు కాచడం ఆయనతోనే పోయింది.

బేతనకు అంతా అర్థమయింది. అర్థమయినందుకు ఒళ్ళు మండింది. మైలమ మీద చల్లితే ఒక్క మనిషి లేస్తుంది. వెజ్జు మీద చల్లితే, ఆయన మళ్ళీ కాచగలిగితే, అందరూ లేస్తారు. కాచలేకపోతే? అది నిజంగా ఒట్టి కొండముచ్చే అయితే? సీసా ఖాళీ అవుతుంది, మైలమ బతుకంతా కొమ్మల మీద పురుగులు ఏరుకుంటూ గడుపుతుంది. యువరాజు వైపు చూశాడు. ఆజ్ఞాపిస్తాడేమోనని ఎదురుచూశాడు, ఆజ్ఞాపిస్తే తిట్టవచ్చని కూడా ఎదురుచూశాడు. విక్రాంతుడు తల అడ్డంగా ఊపాడు.

"నీ భార్య, నీ సీసా. నువ్వు ఏది చేసినా మా నాన్నగారికి నేనే చేశానని చెబుతాను," అన్నాడు.

"కాలు విరిగినవాడిని ఇంట్లో వదిలి నువ్వే వెళ్తానన్నావు. ఇప్పుడూ నువ్వే చెబుతున్నావు," అన్నాడు బేతన దేవాంగపిల్లితో. "ఎప్పుడైనా నా మాట చెల్లనిచ్చావా మైలమా?"

ఆమె వేలు వదలలేదు, వైపు కూడా మార్చలేదు. బేతన లేచాడు. నాలుగు అడుగులు వేసి, కళ్ళు మూసుకుని, సీసాను కొండముచ్చు నెత్తిన బోర్లించాడు.

చాలాసేపు ఏమీ కాలేదు. నీళ్ళు జూలులోంచి కారి నాచులో ఇంకిపోయాయి. కొండముచ్చు ముఖం తుడుచుకుని మళ్ళీ ఆకు చించింది. బేతన ఖాళీ సీసాను చూస్తూ నిలబడిపోయాడు. అంతలో ఆ జూలు తడిసిన దూదిలా పాయలు పాయలుగా రాలింది. తోక కుదించుకుపోయింది. నడుము వంగిన బక్కపలచటి ముసలాయన ఆకులు చేత పట్టుకుని నగ్నంగా, కోపంగా నిలబడి ఉన్నాడు. యువరాజు తన కూలివాడి గొంగడి తీసి కప్పాడు.

"ఆ భేరి వాయించమన్న బుద్ధిమంతుడెవరు?" అన్నాడు సింగన వెజ్జు మొట్టమొదట. ఏళ్ళ తరబడి మాట ఆడని గొంతు బొంగురుగా ఉంది. "మేం విన్నాం సరే. ఆ ధూమకుండుడికి చెవులు లేవా? నీళ్ళు మళ్ళీ కాయాలంటే నీలివేరు కావాలి. అది శిఖరాన వాడి గుహ వాకిట్లో తప్ప ఎక్కడా మొలవదు."

ఆయన మాట ముగియకముందే దూరాన భేరి ఆగింది. బిరుదులు కూడా సగంలో ఆగాయి. ఇన్నాళ్ళూ అది ఆగితే చాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్న బేతనకు, ఆగాక మళ్ళీ మోగితే బాగుండుననిపించింది. చెట్టు కింది జంతువులన్నీ ఒక్కసారిగా ఒకదానికొకటి దగ్గరగా జరిగాయి.

మళ్ళీ మోగింది. ఈసారి దూరమవడం లేదు, దగ్గరికి వస్తోంది. ఆ వాయింపులో వంశాచారం లేదు, తాళం లేదు, అది కీర్తిభట్టు చేయి కాదు. మోగిన చోటల్లా తెల్లటి మబ్బు నల్లబడుతోంది. యువరాజు విక్రాంతుడు కుంటి కుందేలును సంకన పెట్టుకుని, వంగి, ముసలి వెజ్జును వీపు మీద ఎక్కించుకున్నాడు. దేవాంగపిల్లి అప్పటికే మైనపు గుడ్డ మీద కూర్చుని శిఖరం వైపు గోటితో దారి గీస్తోంది. ఆ దారి ఉందని బేతనకు ఇంతవరకు తెలియదు.

గుడ్డను ఆమెతో సహా గుండెలకు కట్టుకుని, ఈసారి ఆమె గీత ఎటు పోతే అటే, అతను పరుగెత్తాడు.